కడపకు ఒక్కసారే సెలవు: ఉగాదికా, ఒంటిమిట్ట కల్యాణానికా?

భీమిలి_అల (మార్చి 9, 2025)
మా అమ్మకు డెబ్బై రెండేళ్ళు. పొద్దున లేస్తే అన్నమయ్య కీర్తనలు పెట్టుకుని వంటింట్లో తిరుగుతుంది. ఎక్కడైనా కడపరాయుడి, అంటే దేవుని కడప వేంకటేశ్వరుడి, పేరు వినిపించిందా, చేతిలో పని ఆపేసి, ‘తిరుపతికి పదిసార్లు తీసుకెళ్ళావు, ఈ రాయుడి ఊరికి ఒక్కసారీ తీసుకెళ్ళలేదు’ అని దెప్పుతుంది. ఈ ఏడు తప్పేలా లేదు. ఆఫీసులో నాలుగు రోజుల సెలవు ఇస్తామన్నారు, అదీ ఒక్కసారే. మార్చి 30 ఆదివారం ఉగాది. ఏప్రిల్ 11న ఒంటిమిట్టలో రాముడి కల్యాణం. మధ్యలో పన్నెండు రోజులు. రెండూ కుదరవు.

ఉగాదినాడు దేవుని కడప గుడికి ముస్లింలు వస్తారని ఏటా టీవీలో రెండు నిమిషాలు చూపిస్తారు. అది నిజంగా ఉన్నదేనా, కెమెరాల కోసం జరిగేదా?

ఇంకొకటి, దీన్ని ఫిర్యాదు అనే అనుకోండి. రెండేళ్ళ కిందట ఆఫీసువాళ్ళతో గండికోట వెళ్ళాను. తెల్లవారుజామున మూడింటికి లేపి, పెన్న లోయ అంచున కూర్చోబెట్టి, సూర్యుడు పైకి రాగానే ఫొటో తీసి, బస్సెక్కించి వెనక్కి తెచ్చేశారు. కడప జిల్లా చూశానని చెప్పుకోవడానికి ఇప్పటికీ మొహమాటం. ఈసారి అలా కాకూడదు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేదు.

నాపరాయి (మార్చి 9)
ఉగాది. ఇందులో ఆలోచించడానికేమీ లేదు. ఒంటిమిట్ట కల్యాణం మా ఇంట్లోవాళ్ళే టీవీలో చూస్తారు, మేము ఉన్నది పాతిక కిలోమీటర్ల దూరంలో.

పున్నమి_రాత్రి (మార్చి 9)
నాపరాయి గారి బద్ధకాన్ని సలహా అనుకోకండి.

మిగతా ఊళ్ళలో రాముడి పెళ్ళి నవమినాడు మిట్టమధ్యాహ్నం జరుగుతుంది. ఒంటిమిట్టలో పండు వెన్నెల్లో, రాత్రిపూట. పగటి పెళ్ళి చూసే యోగం తనకు లేదని చంద్రుడు మొరపెట్టుకుంటే, నీ వెన్నెల్లోనే చేసుకుంటానని స్వామి మాట ఇచ్చాడని చెబుతారు. గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే రాతిలో ఉంటారు. పక్కన హనుమంతుడు ఉండడు. రాముడు హనుమంతుణ్ణి కలుసుకోక ముందరి రూపం అది అని మా తాత చెప్పేవాడు. ఆ ఎత్తైన గోపురం కింద వెన్నెల్లో నిలబడి చూడండి, తర్వాత మాట్లాడదాం.

ఆ గుడి ఈ మాత్రం నిలబడి ఉందంటే వావిలికొలను సుబ్బారావు గారి చలవ. వాల్మీకి రామాయణాన్ని తెలుగు చేసిన పెద్దమనిషి, టెంకాయ చిప్ప చేతబట్టి ఊరూరా బిచ్చమెత్తి గుడిని బాగుచేయించాడు. చివరికి ఆ చిప్ప మీదే ఒక శతకం కూడా రాశాడు.

ఉగ్గాని_బజ్జి (మార్చి 10)
చిప్ప మీద శతకం రాసిన కవి ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి. మన సీమవాళ్ళకే చెల్లింది.

నాపరాయి (మార్చి 10)
పున్నమి గారూ, మీ తాతగారి కాలం వేరు. 2015 నుంచి అది ప్రభుత్వ పండుగ. రాష్ట్రం విడిపోయి భద్రాచలం అటు పోయాక, పట్టువస్త్రాలూ ముత్యాల తలంబ్రాలూ ఒంటిమిట్టకే వస్తున్నాయి. కల్యాణం గోపురం కింద జరగదు, గుడికి ఎడంగా వేరే వేదిక కట్టారు. గ్యాలరీలు, పాసులు, కర్రలు కట్టిన దారులు. చంద్రుడికి కనిపిస్తుందేమో గానీ వెనక వరుసలో కూర్చున్న డెబ్బై రెండేళ్ళ అమ్మగారికి తెర మీదే కనిపిస్తుంది. ఆ తెర ఏదో ఇంట్లోనే చూడవచ్చు కదా, నా గోల అంతే.

2018లో కల్యాణం నాటి సాయంత్రం గాలివాన వచ్చి ప్రాణాలే పోయాయి. ఆ రోజు మా చిన్నాన్న అక్కడే ఉన్నాడు. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ వెళ్ళడం లేదు. బద్ధకం ఒక్కటే కారణం కాదు.

పున్నమి_రాత్రి (మార్చి 10)
సరే, బద్ధకం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా ఏటా ప్రతి జాతరలోనూ గాలివాన రాదు.

పాత_కాగితం (మార్చి 10)
అల గారు అడిగినదానికి ఎవరూ జవాబివ్వలేదు. కెమెరాల కోసం జరిగేదా అని అడిగారు. నేను కొంతకాలం చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి, అందుకని కాస్త చాదస్తంగా చెబుతాను, భరించండి.

కథ ఇది: వేంకటేశ్వరుడు బీబీ నాంచారమ్మను పెళ్ళాడాడు. ఆమె తురకల ఆడపడుచు. కాబట్టి స్వామి ముస్లింల ఇంటి అల్లుడు. కొత్త సంవత్సరం మొదటి రోజు అల్లుణ్ణి పలకరించి రావాలి. దీన్ని చరిత్ర అని నేను అనను. ఇలాంటి కథ కడపకు మాత్రమే పరిమితం కూడా కాదు. శ్రీరంగంలో తుళుక్క నాచ్చియార్ (తురక అమ్మవారు) సన్నిధి ఉంది, అక్కడ స్వామికి రొట్టెలు నివేదన చేస్తారు. మేల్కోటేలోనూ ఈ కథ చెబుతారు. అంటే ఈ కథ దక్షిణాదిలో వైష్ణవ క్షేత్రాల వెంట నడిచి వచ్చింది. కానీ ఆ ఊళ్ళలో కథను గుడి చెబుతుంది. కడపలో కథను అవతలి పక్షం నమ్మింది. అమ్మాయి తరఫువాళ్ళమని చెప్పుకుని మనుషులు నడిచి వస్తారు. నాకు విశేషం అనిపించేది అదే. కెమెరాలు నిన్నగాక మొన్న వచ్చాయి.

దేవుని కడప తిరుమలకు గడప అనీ, ఆ గడపే కడప అయిందనీ అంటారు. ముందు ఇక్కడ దర్శనం చేసుకుని తిరుమల ఎక్కడం పాత పద్ధతి. మీరు పదిసార్లు గడప దాటకుండానే ఇంట్లోకి దూరారన్నమాట.

భీమిలి_అల (మార్చి 10)
ఆ చివరి వాక్యం అమ్మకు చదివి వినిపించాను. పొద్దుటి నుంచి నాతో మాట్లాడటం లేదు.

ఎర్రమల (మార్చి 10)
క్షమించాలి, నాకు ఇదంతా కొంచెం అతిగా అనిపిస్తుంది. నేను కడపలో ఏడేళ్ళు ఉద్యోగం చేశాను. ఉగాదినాడు వచ్చేవాళ్ళు ఊళ్ళో ఉన్న ముస్లింలందరూ కాదు. చాలామంది రారు, వెళ్ళకూడదనే వాళ్ళూ ఉన్నారు. టీవీలో చూపించే తీరు చూస్తే ఊరు ఊరంతా ఆ రోజు గుడిలోనే ఉందనిపిస్తుంది. మిగతా మూడువందల అరవై నాలుగు రోజులు ఎవరి వీధి వారిదే.

గులాబీ_అత్తరు (మార్చి 11)
ఎర్రమల గారు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మా ఇంట్లోనే మా మామూ వెళ్ళడు. మా నానీ (అమ్మమ్మ) వెళ్ళేది. ఇద్దరూ ఒకే కంచంలో తినేవాళ్ళు, ఆ రోజు గురించి మాత్రం మాట్లాడుకునేవాళ్ళు కాదు.

నానీ సంగతి చెబుతాను. ఉగాదికి ముందురోజు సాయంత్రం ఉతికిన తెల్లగుడ్డ పరిచి భత్యం కట్టేది. బియ్యం, కందిపప్పు, చింతపండు, బెల్లం, ఒక టెంకాయ. అన్నిటికంటే చివర ఉప్పు. ఉప్పును వేరే చిన్న గుడ్డలో మూట కట్టి బియ్యం మధ్యలో గూడు చేసి కూర్చోబెట్టేది. రాళ్ళ ఉప్పే, పొడి ఉప్పు ఒప్పుకునేది కాదు. ‘కూతురిని ఇచ్చిన ఇంటికి ఉప్పు పప్పు లేదనిపించుకోకూడదు’ అనేది. ఉప్పు చేతికి ఇవ్వకూడదు, తగవులు వస్తాయి, అందుకే మూట. ఆ రోజు మా ఇంట్లో మాంసం వండేవాళ్ళు కాదు.

తెల్లారకముందే నేనూ నానీ బయలుదేరేవాళ్ళం. వరుసలో మా ముందూ వెనకా రకరకాలవాళ్ళు. నానీకి తెలుగు చదవడం రాదు గానీ ఆ వరుసలో నిలబడి మాట్లాడేంత తెలుగు నేను ఇప్పటికీ మాట్లాడలేను. భత్యం ఇచ్చి, హారతి తీసుకుని, తీర్థం పుచ్చుకుని, బయటికొచ్చి రావిచెట్టు నీడన కాసేపు కూర్చుని ‘బాగానే ఉన్నాడు’ అనేది. దేవుడి గురించి అలా మాట్లాడిన మనిషిని మళ్ళీ చూడలేదు.

నానీ పోయి ఆరేళ్ళయింది. అమ్మీ వెళుతోంది, నేను కుదిరినప్పుడు వెళతాను. పోయిన ఏడు ఏప్రిల్ 9 ఉగాది మాకు ఇరవై తొమ్మిదో రోజా, అంటే రంజాన్ ఉపవాసం. ప్రసాదం తినకుండా దుపట్టా కొంగున ముడివేసుకుని, సాయంత్రం ఖర్జూరం తర్వాత ఇఫ్తారులో తిన్నాం. ఈ ఏడు మార్చి 30 కూడా ఇరవై తొమ్మిదో రోజానే. ఆ సాయంత్రం నెలపొడుపు కనిపిస్తే మరునాడే పండుగ.

ఉగ్గాని_బజ్జి (మార్చి 11)
హాస్యం చేద్దామని వచ్చాను. ‘బాగానే ఉన్నాడు’ దగ్గర ఆగిపోయాను.

ఎర్రమల (మార్చి 11)
అత్తరు గారూ, మీరు చెప్పింది నేను కాదనలేదు. టీవీ దాన్ని పెద్దది చేస్తుందన్నాను. మీ నానీ చేసింది చిన్న పని. చిన్నదిగా ఉన్నప్పుడే అది బాగుంది.

కెమెరా_కన్ను (మార్చి 12)
ఈసారి ఉగాదికి నేనూ వస్తున్నాను. బురఖాల్లో హారతి తీసుకుంటున్న ఫొటో కావాలి. ఎన్నింటికి వెలుతురు బాగుంటుంది? ఎక్కడ నిలబడాలి?

నాపరాయి (మార్చి 12)
వరుసలో నిలబడాలి.

పాత_కాగితం (మార్చి 12)
నాపరాయి గారికి ఒక దోశ నా లెక్కలో.

కెమెరా_కన్ను (మార్చి 12)
ఎగతాళి బాగుంది. కానీ ఒక మాట. నేను తీసిన ఫొటో చూసే ఎక్కడో ఒకరు ‘ఇలా కూడా ఉంటుందా’ అనుకుంటారు. అల గారు కూడా టీవీలో చూసే కదా ఇక్కడికొచ్చి అడిగారు?

గులాబీ_అత్తరు (మార్చి 12)
ఫొటోకు నేను వ్యతిరేకం కాదు. మూడేళ్ళ కిందట ఒకాయన అమ్మీ మొహం ముందు కెమెరా పెట్టి, ‘ఇంకొకసారి చేతులు జోడించండమ్మా, సరిగా రాలేదు’ అన్నాడు. అమ్మీ జోడించింది కూడా, పాపం. ఇంటికొచ్చాక ‘రెండోసారి ఎవరికి మొక్కానే?’ అని నన్ను అడిగింది. అడిగి తీయండి, ఒక్కసారే తీయండి. అంతే.

కెమెరా_కన్ను (మార్చి 12)
అర్థమైంది.

బ్రౌను_బంగ్లా (మార్చి 13)
గుళ్ళ గొడవలో ఒక సంగతి మరిచిపోతున్నారు. మీరు ఈ తెలుగు రాస్తున్నారంటే కడపలోని ఎర్రముక్కపల్లెకు ఒకసారి వెళ్ళి రావాలి. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. తర్వాత ఇక్కడే బంగ్లా కొని, పండితులను పెట్టుకుని, సొంత జీతంలోంచి వాళ్ళకు ఇచ్చి తాళపత్రాలు సేకరించి శుద్ధ ప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు. బంగ్లా కూలిపోయింది గానీ ఆ స్థలంలోనే ఇప్పుడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఇల్లిల్లూ తిరిగి నిలబెట్టిన గ్రంథాలయం. పండుగ రోజు మూసి ఉండవచ్చు, శనివారమే వెళ్ళండి.

పున్నమి_రాత్రి (మార్చి 13)
ఒకాయన టెంకాయ చిప్పతో, ఇంకొకాయన ఇల్లిల్లూ తిరిగి. కడపలో ఏది నిలబడాలన్నా ఒకరు బిచ్చమెత్తాల్సిందే.

కొండారెడ్డి_బురుజు (మార్చి 13)
కర్నూలు నుంచి ఒక మనవి. పండుగ అంటే మాది. హొళగుంద మండలం దేవరగట్టు, దసరా రాత్రి, మాల మల్లేశ్వర స్వామి ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్ళకు ఊళ్ళు కర్రలు పట్టుకుని కొండ కిందకు వస్తాయి. తెల్లవారేసరికి ఆస్పత్రిలో మంచాలు చాలవు. అమ్మగారిని తీసుకురండి.

భీమిలి_అల (మార్చి 13)
మోకాళ్ళ నొప్పులని చెప్పాను, తలనొప్పి అని చెప్పలేదు.

గూగూడు_పీరు (మార్చి 13)
దసరా దాకా ఎందుకు, అనంతపురం రండి. నార్పల మండలం గూగూడులో మొహర్రం చూడండి. కుళ్ళాయి స్వామి పీరు ముందు అగ్నిగుండం తొక్కేవాళ్ళలో ఎవరు ఏ మతమో అడిగితే మిమ్మల్నే వింతగా చూస్తారు. మా తమ్ముడి పేరు కుళ్ళాయప్ప. హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్ళినప్పుడు ఆ పేరు మీద పావుగంట ప్రశ్నలు వేశారట.

ప్రొద్దుటూరు_బంగారం (మార్చి 14)
దసరా అంటే ప్రొద్దుటూరు. రెండో మైసూరు అని ఊరికే అనరు. అమ్మవారి శాలలో...

నాపరాయి (మార్చి 14)
అయ్యా, అడిగింది మార్చి సెలవు గురించి. దసరావాళ్ళు అక్టోబరులో వేరే చర్చ మొదలుపెట్టండి.

ఎర్రమల (మార్చి 14)
ఎండ గురించి ఎవరూ చెప్పలేదు. మార్చి చివరికి కడపలో నలభై డిగ్రీలు మామూలే. గుడి ఆవరణలో పరిచిన బండలు తొమ్మిది దాటితే పెనంలా కాలతాయి. అమ్మగారికి మందపాటి మేజోళ్ళు తీసుకెళ్ళండి. తెల్లవారకముందే వెళ్ళి ఏడున్నరకు బయటపడండి. నేను ఒకసారి పదకొండింటికి ప్రదక్షిణ చేశాను. భక్తి కొద్దీ పరుగెత్తానని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

ఉగ్గాని_బజ్జి (మార్చి 14)
తిండి సంగతి నేను చెబుతాను, ఇది నా శాఖ. ఉదయం ఉగ్గాని: బొరుగులు నీళ్ళలో తడిపి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపుతో తాలింపు పెట్టి, పైన పప్పుల పొడి. పక్కన మిరపకాయ బజ్జి. బజ్జి లేని ఉగ్గాని ఒంటరిది.

నాపరాయి (మార్చి 14)
ఉగ్గాని కర్నూలు, అనంతపురాల్లో తినండి. కడపలో దిగినవాళ్ళు కారం దోశ తినాలి. ఎర్రకారం దోశ అంతటా అంచుదాకా పూయాలి, పైన పప్పుల పొడి చల్లాలి, నెయ్యి వేసి ఎర్రగా కాలనివ్వాలి. విశాఖవాళ్ళు మొదటిసారి కారం తగ్గించమని అడుగుతారు. వంటాయన తల ఊపుతాడు, తగ్గించడు.

పాత_కాగితం (మార్చి 15)
ఉగాదినాడు ఏ ఇంట్లోనైనా భోజనానికి పిలిస్తే వదులుకోవద్దు. మీరు బొబ్బట్లు అనేదాన్ని ఇక్కడ ఓళిగలు అంటారు. నెయ్యి తక్కువైందని చెబితే ఇల్లాలు నొచ్చుకుంటుంది, ఎక్కువైందని చెబితే నమ్మదు.

భీమిలి_అల (మార్చి 15)
తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో టికెట్లు తీసుకున్నాను. శుక్రవారం ఎక్కుతాం. ఉగాదే. పున్నమి గారు కోపగించుకోవద్దు, దారిలో కనిపిస్తే మీ గోపురానికి దండం పెడతాను.

పున్నమి_రాత్రి (మార్చి 15)
కోపం లేదు. ఒకటి గమనించండి: ఒంటిమిట్ట గర్భగుడిలో లేని హనుమంతుడు దేవుని కడపలో వేంకటేశ్వరుడి వెనకే నిలబడి ఉంటాడు. మా గుడిలో ఖాళీగా ఉన్న చోటు చూడకుండా, మీ గుడిలో నిండిన చోటు చూస్తే సగమే చూసినట్టు.

కెమెరా_కన్ను (మార్చి 31)
ఉగాదికి వెళ్ళాను. వరుసలో నిలబడ్డాను. మొత్తం నాలుగు ఫొటోలు తీశాను, నాలుగూ అడిగి తీసినవే. ఒకటి బాగా వచ్చింది. ఇక్కడ పెట్టడం లేదు, ఆవిడ ‘ఇంట్లో చూసుకోవడానికి’ అని ఒప్పుకుంది.

నాపరాయి (మార్చి 31)
మీకూ ఒక దోశ.

భీమిలి_అల (ఏప్రిల్ 2)
నిన్న రాత్రే ఇల్లు చేరాం. ముందు తిట్లు పూర్తి చేస్తాను. బస చేసిన చోట పంకా తిరిగింది గానీ గాలి రాలేదు. మధ్యాహ్నం కొళాయి నీళ్ళతో టీ పెట్టుకోవచ్చు. స్టేషను నుంచి ఆటోవాడు దేవుని కడప వేరే ఊరన్నట్టు బేరం మొదలుపెట్టాడు. తీరా అది ఊళ్ళోనే ఉంది. ఎర్రమల గారి మేజోళ్ళ సలహా బంగారం.

శనివారం బ్రౌను గారి చోటికి వెళ్ళాం. అమ్మ తాళపత్రాల ముందు చాలాసేపు నిలబడి, ‘ఎవరో దొర మన అక్షరాలకు జీతం కట్టాడా!’ అంది. పుష్పగిరి కూడా అనుకున్నాం, ఎండకు జడిసి మానేశాం.

ఇక ఉగాది. నాలుగున్నరకు గుడి దగ్గర ఉన్నాం. అప్పటికే వరుస ఉంది. మా ముందు నల్ల బురఖాలో ఒక పెద్దావిడ, అమ్మ వయసే ఉంటుంది, చేతిలో గుడ్డ సంచి. ఎక్కడి నుంచి అని అడిగింది. విశాఖ అంటే, ‘అంత దూరం నుంచి ఏమి తెచ్చావు వదినా?’ అంది. అమ్మ టెంకాయ, పూలు చూపించింది. ఆవిడ పెదవి విరిచింది. ‘టెంకాయ అందరూ కొడతారు. ఇంట్లోకి ఉప్పు ఎవరు తెస్తారు?’ అని సంచిలోంచి చిన్న మూట తీసింది. అమ్మ చెయ్యి చాచబోతే, ‘చేతికి కాదు, కొంగు పట్టు’ అని గుప్పెడు రాళ్ళ ఉప్పు కొంగులో పోసింది. అత్తరు గారూ, మీరు రాసింది చదవకపోతే అదేమిటో నాకు తెలిసేది కాదు. అమ్మ ఆ కొంగు బిగించి పట్టుకుని వరుసంతా నడిచింది, ఒక్కసారి కూడా మోకాలు గురించి మాట్లాడలేదు. లోపల ఉప్పు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోతే ఆవిడే వెనక్కి తిరిగి తన పళ్ళెంలో వేయించుకుంది.

బయటికొచ్చాక ప్రసాదం ఇస్తే ఆవిడ తినలేదు. రోజా కదా. కాగితంలో మడిచి సంచి అడుగున పెట్టుకుంది. అది చూసి అమ్మ కూడా తినలేదు. ‘ఆవిడ సాయంత్రం తింటుంది, నేనూ అప్పుడే’ అంది. ఎర్రమల గారన్నట్టు వచ్చినవాళ్ళు ఊరందరూ కాదు. లెక్కపెట్టాలని నాకు తోచలేదు.

సాయంత్రం ఉక్క భరించలేక మేడ మీదికి ఎక్కాం. అమ్మ మెట్లు ఎక్కిందండీ, పదహారు. చుట్టూ ప్రతి మేడ మీదా మనుషులే. పిల్లలు నీళ్ళ ట్యాంకుల మీద నిలబడి పడమటి వైపు వేళ్ళు చూపిస్తున్నారు. అమ్మకు ఆ మధ్యే శుక్లాల ఆపరేషను అయింది, నాకంటే ముందు ఆమెకే కనిపించింది, గోరుముక్కంత. అంతలో పక్క మేడ మీద కేక, వీధిలో టపాకాయలు. అప్పుడు ప్రసాదం విప్పి తిన్నాం.

గులాబీ_అత్తరు (ఏప్రిల్ 2)
ఆ పెద్దావిడ ఎవరో నాకు తెలియదు. తెలిసినట్టే ఉంది.

ఉగ్గాని_బజ్జి (ఏప్రిల్ 2)
వదిన అని ఎందుకు అన్నట్టు? వరుస ఎలా కుదిరింది?

పాత_కాగితం (ఏప్రిల్ 2)
సులువే. ఆవిడ పిల్లనిచ్చిన పక్షం. అల గారి అమ్మగారు కడపరాయుడి పక్షం. వియ్యపురాళ్ళు ఒకరినొకరు వదినా అనే కదా పిలుచుకుంటారు. అత్తవారి తరఫున పెట్టుపోతలు తక్కువైతే మాట పడాల్సింది ఆవిడ. అందుకే ఉప్పు కూడా ఆవిడే సర్దింది.

ఇంకొక లెక్క. ఉగాది, నెలపొడుపు ఇలా దగ్గరపడటం 2024లో జరిగింది, ఈసారి ఒకే రోజు వచ్చింది, వచ్చే ఏడూ దగ్గరలోనే ఉంటాయి. తర్వాత మనకు అధిక మాసం వచ్చి రెండూ విడిపోతాయి. మంచి ఏడాదిలో వెళ్ళారు.

ఎర్రమల (ఏప్రిల్ 3)
టీవీ రెండు నిమిషాల్లో ఉప్పు మూట లేదు. నేను ఏడేళ్ళు ఆ ఊళ్ళో ఉండి ఆ వరుసలో ఒక్కసారీ నిలబడలేదు. ఇంతకంటే ఏమీ అనను.

నాపరాయి (ఏప్రిల్ 3)
కారం దోశ సంగతి రాయలేదు.

భీమిలి_అల (ఏప్రిల్ 3)
కారం తగ్గించమన్నాను. వంటాయన తల ఊపాడు.

పున్నమి_రాత్రి (ఏప్రిల్ 12)
రాత్రి ఒంటిమిట్టలో కల్యాణం చూసి వచ్చాను. వెనక గ్యాలరీలోనే కూర్చున్నాను, నాపరాయి గారు అన్నట్టు తెర మీదే చూశాను. అయినా పైన చంద్రుడు నేరుగా చూశాడు. తలంబ్రాల పొట్లం ఒకటి అల గారి అమ్మగారి కోసం దాచాను.

భీమిలి_అల (ఏప్రిల్ 12)
అమ్మ తనే అడగమంటోంది: కడప పెద్ద దర్గా ఉరుసు ఎప్పుడు? గంధం రాత్రి చూడాలట. ఉప్పు ఇచ్చిన వదిన, ‘ఉరుసుకు రా, మా ఇంట్లో దిగు’ అని ఫోను నంబరు రాసిచ్చింది. రైలు టికెట్లు రెండు నెలలు ముందే అయిపోతాయి, తేదీ చెప్పండి.

గులాబీ_అత్తరు (ఏప్రిల్ 12)
నిరుడు నవంబరు మధ్యలో వచ్చింది. మాది చాంద్రమాన లెక్క, ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కాబట్టి నవంబరు మొదటి వారం అనుకోండి. కచ్చితమైన తేదీ మాత్రం నెలపొడుపు కనిపించాకే.

పున్నమి_రాత్రి (ఏప్రిల్ 12)
చూశారా, చివరికి అందరూ చంద్రుడి దగ్గరికే వచ్చారు.